రెండో సైరన్ మోగేదాకా

టీచరమ్మ పోయారు. సోమవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కిటికీ గూట్లో పెట్టి, వరండాలో కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయారు. కోడలు వచ్చి "అత్తయ్యా, ఎండ మీద పడుతోంది, లోపలికి రండి" అని పిలిస్తే పలకలేదట. నేను వంటింట్లో చిక్కుళ్ళు తుంచుతూ ఉండగా వెనక క్వార్టర్ల లైనులోంచి ఆ అమ్మాయి పెట్టిన కేక వినిపించింది. గనుల ఊరు మా బచేలిలో పగటిపూట ఆడమనిషి కేక వినిపిస్తే ప్రతి ఇంట్లోనూ ముందు గని ఉన్న కొండ వైపే చూస్తారు. నేనూ అటే చూశాను. మా ఆయన ఫస్టు షిఫ్టులో పైన ఉన్నారు. కేక కొండ గురించి కాదని తెలిశాక, సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాతే కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. ఇక్కడి బళ్ళో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరై, గనిలోనే పనిచేసే కొడుకు క్వార్టర్లో ఉండేవారు. సొంతూరు కొంట దగ్గర ఎర్రబోరు. శబరి ఏటి ఒడ్డున మేనమామ ఇంట్లో పెరిగి, అక్కడే ఈత నేర్చుకున్నారట. మేమేమో మా మామగారి కాలంలో విజయనగరం నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడ పడ్డవాళ్ళం. ఆవిడ మాట ఒక తీరు, మా మాట ఒక తీరు. టౌన్‌షిప్ స్విమ్మింగ్ పూల్ గట్టున ఉన్న సిమెంటు మెట్లే మమ్మల్ని కలిపాయి.

మా అమ్మాయి బుజ్జికి చిన్నప్పటినుంచీ ఆయాసం. చలికాలం వస్తే పిల్లి కూనలా గొంతులో గురగుర. నోట్లో కొట్టుకునే పంపు మందు లేకుండా బజారుకి కూడా వెళ్ళేవాళ్ళం కాదు. ఆసుపత్రిలో డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, కోచ్‌కి చెప్పి, మందు దగ్గర పెట్టుకుని ఈత నేర్పించండి, ఊపిరి నిలకడ వస్తుంది అన్నారు. గాలి ఉన్నచోటే ఊపిరాడని పిల్లని గాలి లేని చోట దింపమంటాడేమిటి ఈయన? ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన విసుక్కున్నారు. "డాక్టరు చెప్పాడు కదే. ఆ పూల్ ఏటి, మింగేత్తాదా?" అన్నారు. మింగేస్తుందనే నా భయం.

మొదటిరోజు బుజ్జి నీళ్ళలో మొహం ముంచగానే నేనూ ఊపిరి బిగబట్టాను. తను తల ఎత్తేదాకా వదల్లేదు. మళ్ళీ ముంచింది, మళ్ళీ బిగబట్టాను. చెవులు గింగుర్లెత్తాయి. పక్కనుంచి గొడుగు కొనతో ఎవరో నా మోచేతిమీద పొడిచారు.

"ఏందమ్మా, నువ్వెందుకు ఊపిరి బిగబట్టినవ్? ఈదేది నువ్వా?"

అదీ మా మొదటి పరిచయం. నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆవిడ ఓదార్చలేదు. నీళ్ళవైపు చెయ్యి చూపించి, "అగో, మూతి దగ్గర బుడగలు చూడు. బుడగలొస్తున్నయంటే గాలి వదులుతున్నదన్నట్టు. నీళ్ళల్ల గాలి వదలాలె. వదిలినోళ్ళకే మళ్ళ అందుతది. నువ్వు బుడగలు చూసుకుంట కూసో" అన్నారు. పక్కన కుర్రకోచ్ "ఘబరాయియే మత్ మేడమ్" అని రోజూ అనేవాడు. భయపడొద్దంటే భయం పోతుందా? కానీ చూడ్డానికి నాకు ఏదో ఒకటి ఇచ్చింది ఆవిడే.

ఆవిడ పిల్లల జోలికి వెళ్ళేవారు కాదు. "పిల్లలకు కోచ్ ఉన్నడు. మీకెవరున్నరు?" అనేవారు. సాయంత్రం పూట ఆ మెట్లమీద తల్లుల్ని, తండ్రుల్ని కూర్చోబెట్టి మాకు పాఠం. మేం వెర్రిబాగులవాళ్ళం. వెల్లకిలా ఈదేటప్పుడు పైన కట్టే చిన్న జెండాలు చూసి ఏదో ఫంక్షనుకి తోరణాలు కట్టారనుకున్నాను నేను. "తోరణాలు కావమ్మా. వెల్లకిల ఈదే పిల్లకు వెనక కండ్లుండవు గద. జెండా కనబడ్డదంటే గోడ దగ్గరికొచ్చిందని అర్థం. చేతులెన్ని వేస్తే గోడ తగులుతదో పిల్ల లెక్క పెట్టుకుంటది" అని చెప్పారు. అప్పటిదాకా బుజ్జి తల గోడకి కొట్టుకుంటుందని నేను వెనక్కి వెనక్కి పరిగెత్తేదాన్ని.

జగదల్‌పూర్‌లో చిన్న పోటీలకి వెళ్ళినప్పుడు మా తెలివి మరీ బయటపడింది. పొద్దున్నే పిల్లలందరూ నీళ్ళలోకి దిగి అటూ ఇటూ ఈదుతుంటే, బుజ్జి అందరికన్నా వెనకబడిందని నేను ముక్కు చీదుకుంటున్నాను. "ఊకో. ఇది పోటీ కాదు. ఒళ్ళు కాగబెట్టుకునుడు. నీ కన్నీళ్ళు సాయంత్రానికి దాచుకో" అన్నారు టీచరమ్మ. ఎలక్ట్రికల్‌లో పనిచేసే ఒకాయన కొడుకు తన హీట్‌లో, అంటే తొలి వంతు ఈతలో, మొదట వచ్చాడని గ్యాలరీ అంతా లడ్డూలు పంచేశాడు. అందరి హీట్లూ అయ్యాక, అన్ని టైములూ కలిపి చూసి, బాగా ఈదినవాళ్ళనే ఫైనల్‌కి పిలుస్తారని ఆయనకి తెలియదు. పిల్లవాడి పేరు పిలవకపోయేసరికి ఆయన మొహం చూడలేకపోయాం. టీచరమ్మ తన వాటా లడ్డూ తీరిగ్గా తింటూ, "లడ్డు బాగుంది. తప్పు లడ్డుది కాదు" అన్నారు. ఆయనే ముందు నవ్వాడు.

ఇంకొకావిడ తన కూతురికి అంచు లేన్ ఇచ్చారని, ఆంధ్రావాళ్ళమని మనని పక్కకి నెట్టేశారని పోట్లాటకి లేచింది. టీచరమ్మ గొడుగు అడ్డం పెట్టారు. "కూసో. టైము బాగున్నోళ్ళకు నడిమి లేన్, తక్కువున్నోళ్ళకు అంచు లేన్. ఆ నీళ్ళకు తెలుగు తెల్వదు, హిందీ తెల్వదు, హల్బీ తెల్వదు." కప్ప ఈతలో ఒక పిల్ల గోడని ఒంటిచేత్తో ముట్టుకుందని రెఫరీ చెయ్యెత్తి ఆ పిల్ల ఈత లెక్కలోకి రాదన్నప్పుడు, తండ్రి రెఫరీ మీదకి వెళ్ళబోయాడు. అప్పుడు మాత్రం ఆవిడకి నిజంగా కోపం వచ్చింది. "చెయ్యెత్తినాయన నీ బిడ్డకు శత్రువా? రెండు చేతులూ ఒక్కసారే తగలాలె అని ఆ ఈతకు రూలున్నది. ఈ పూట ఆయన చెప్తే పిల్ల మళ్ళ తప్పు చెయ్యదు. నువ్వు కొట్లాడితే మళ్ళ చేస్తది" అన్నారు. ఆయన కూర్చున్నాడు. మాలో ఎవరికైనా ఆవిడంటే కొంచెం భయమే.

నన్ను మాత్రం ప్రతిసారీ తన పక్కనే కూర్చోబెట్టుకునేవారు. ముందు నీళ్ళ దగ్గర నిలబడ్డ మనిషిని చూపించేవారు. "పసుపు చొక్కాయన కనబడ్డడా? నీ బిడ్డను చూసుడే ఆయన నౌకరీ. అటు దిక్కు ఇంకొకామె. ఆళ్ళ పని ఆళ్ళను చెయ్యనీ." తర్వాత సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, వేయించి పొట్టు తీసిన చింతగింజ ఒకటి నా అరచేతిలో పెట్టేవారు. చింతగింజ తిన్నవాళ్ళకి తెలుసు, అది పంటికి లొంగదు. బుగ్గన పెట్టుకుని నానబెట్టాల్సిందే. నోట్లో గింజ ఉంటే అరవలేం. గ్యాలరీలో తల్లులందరికీ ఆవిడ గింజలు పంచింది మా నోళ్ళు మూయించడానికే. తల్లి కేక వింటే పిల్ల తల తిప్పుతుందని, తల తిప్పితే దమ్ము తప్పుతుందని ఆవిడ వాదన.

"నాకు భయం పోదు టీచరమ్మా" అన్నానొకసారి.

"పోవాలని నేనన్ననా? భయం లేని తల్లి ఫోను చూసుకుంట కూసుంటది. భయపడేటోళ్ళే బిడ్డను చూస్తరు. నీ భయాన్ని నోట్లో ఉంచుకో. చేతులల్లకు రానియ్యకు."

చేతుల్లోకి అని ఆవిడ ఎందుకన్నారో చెప్పాలంటే సైరన్ సంగతి చెప్పాలి. కొండమీద రాయి పేల్చే ముందు సైరన్ మోగుతుంది. పైన మనుషులంతా పని ఆపి దాక్కుంటారు. పేలుడు అవుతుంది. కింద మా ఇళ్ళలో గిన్నెలు గలగలమంటాయి. అంతా క్షేమం అయితే రెండో సైరన్ మోగుతుంది. ఈ రెండు సైరన్ల మధ్యా మా లైన్లలో ఒక ఆచారం ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, నాకు మా అత్తగారు నేర్పారు. మొదటి సైరన్ వినగానే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. పొయ్యి మీద గరిటె తిప్పకూడదు, గడప దాటకూడదు. కొండమీద మన మనిషి కదలకుండా ఉన్నప్పుడు కింద మనమూ కదలకూడదట. పిల్లలు పరుగులు తీయకుండా తల్లి మణికట్టు పట్టుకుని నిలబడుతుంది. బుజ్జి నడక నేర్చిన నాటినుంచీ నేను అలాగే పట్టుకున్నాను. రెండో సైరన్ ఒక్కోరోజు ఆలస్యమయ్యేది. అప్పుడు నాకు తెలియకుండానే పట్టు బిగిసేది. వదిలాక దాని చేతిమీద నా వేళ్ళు ఎర్రగా తేలి ఉండేవి.

నిరుడు రాయ్‌పూర్ పోటీలకి మొదటిసారి వెళ్ళాం. తెల్లవారుజామున బస్సు. దారిలో పోలీసులు తనిఖీకి ఆపినప్పుడల్లా ఒక భయం, కేశ్‌కాల్ ఘాట్ కొండ మలుపుల్లో ఒక భయం, బుజ్జికి దగ్గు వస్తే ఒక భయం. టీచరమ్మ మాత్రం పక్క సీట్లో నోరు తెరిచి నిద్రపోయారు. అక్కడ పూల్ చూశాను. మా టౌన్‌షిప్ పూల్‌కి అది ఎన్నో రెట్లు. అడుగు కనిపిస్తోంది, కానీ ఎంత లోతుందో తెలియడం లేదు. బుజ్జి ముంజేతిమీద ఈవెంటు నెంబరు, హీటు, లేను పెన్నుతో రాయమని టీచరమ్మ నాకే ఇచ్చారు. నా అంకెలు వంకరగా పడ్డాయి. దిష్టిచుక్క పెట్టి, తలకి నూనె రాయబోతే నూనెసీసా లాక్కున్నారు. "చుక్క ఉండనీ. నూనె పెట్టకు, కళ్ళల్లకు కారుతది. ఈడ పిల్లను తాళింపు వేస్తున్నమా?" అన్నారు.

ఆ పూట మొదటి పోటీ, వంద మీటర్ల ఫ్రీస్టయిల్, అందులోనూ మొదటి హీట్. బుజ్జి అంచు లేన్‌లో దూకే దిమ్మ ఎక్కింది. నేను గింజ బుగ్గన పెట్టుకున్నాను. పొడుగ్గా ఒక విజిల్ ఊదారు. పిల్లలు వంగారు. మా పూల్‌లో అయితే కోచ్ చప్పట్లు కొడితే, జగదల్‌పూర్‌లో అయితే విజిల్ ఊదితే దూకేవాళ్ళు. ఇక్కడ మైకులోంచి హారన్ మోగింది.

అచ్చం మా కొండ సైరన్ గొంతే.

ఏడుగురు పిల్లలు నీళ్ళలో పడ్డారు. బుజ్జి పడలేదు. వంగినదల్లా నిటారుగా నిలబడి, తన కుడి మణికట్టుని తన ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది. కదల్లేదు. కోచ్ "కూద్, కూద్!" అని అరుస్తున్నాడు. దానికి వినిపించడం లేదు. దాని కళ్ళు ఎక్కడో కొండని చూస్తున్నాయి. నేను లేవాలి కదా? నేనూ లేవలేదు. నా కాళ్ళూ ఆగిపోయాయి. ఆ హారన్‌కి గ్యాలరీలో మా బచేలి తల్లులం ఒక్కరమూ కదల్లేదు, అది నాకు తర్వాత గుర్తొచ్చింది.

టీచరమ్మ లేచారు. ఒళ్ళోంచి డబ్బా జారి గింజలన్నీ మెట్లమీద దొర్లాయి. గ్యాలరీలో నోరెత్తకూడదని మమ్మల్ని ఇన్నాళ్ళూ గదమాయించిన మనిషి గొంతు చించుకుని అరిచారు.

"రెండో సైరన్ అయింది బిడ్డా! పో!"

బుజ్జి చెయ్యి విడిచిపెట్టి దూకింది.

మిగతా పిల్లలు గోడ ముట్టుకుని తువ్వాళ్ళు చుట్టుకుంటున్నారు. బుజ్జి ఇంకా ఈదుతూనే ఉంది. తర్వాతి హీట్ పిల్లలు వచ్చి వరుసలో నిలబడ్డారు. నాకు బుడగలు కనబడటం లేదు, నీళ్ళు అలలుగా ఉన్నాయి. ఎలాగో వచ్చి గోడ పట్టుకుంది. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి. పంపు మందు తీసుకుని నేను మెట్లు దూకబోతే టీచరమ్మ నా కొంగు పట్టుకున్నారు. "ఆగు. ముందు చూడు. ఏమన్న మాట్లాడుతదేమో చూడు" అన్నారు. బుజ్జి కళ్ళద్దాలు పైకెత్తి మా వైపు చూసి, "అమ్మా, నేను ఆఖరా?" అని అడిగింది.

"అడుగుతున్నది గద. అడిగేటంత గాలి ఉన్నది. ఇప్పుడు పో, మెల్లగ పో" అని కొంగు వదిలారు.

తిరుగు బస్సులో నేను ఇంకెప్పుడూ పిల్లని పంపనని భీష్మించుకున్నాను. ఆవిడ వాదించలేదు. బచేలి వచ్చాక కోచ్‌తో మాట్లాడి, వాడి ఫోన్‌లో హారన్ పెట్టించి, రోజూ పిల్లల్ని దానితోనే దూకించారు. వారం తిరిగేసరికి బుజ్జి ఆ కూతకి నవ్వుతూ దూకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం సైరన్ వేళకి టీచరమ్మ మా వరండాకి వచ్చి నా పక్కన నిలబడేవారు. ఆచారం మానమని ఒక్కసారీ అనలేదు. తనూ గడప దాటేవారు కాదు, కొడుకు కొండమీద ఉన్నాడు మరి. "నిలబడు, మొక్కుకో, నీ ఇష్టం. పిల్ల చెయ్యి ఒక్కటి విడువు. పక్కన నిలబడ్డా పిల్ల నీ పిల్లే" అనేవారు. నేను వదులుతాననేదాన్ని. సైరన్ మోగగానే నా చెయ్యి నా మాట వినేది కాదు. కూతురు పాసైంది, తల్లి ఫెయిలని ఆవిడ వెక్కిరింత.

ఈ ఆదివారం మళ్ళీ రాయ్‌పూర్‌లో పోటీలు. బుజ్జి నాలుగువందల మీటర్లకి పేరిచ్చింది. అంత దూరం ఎప్పుడూ ఈదలేదు. డాక్టరుగారు సరే అన్నారు, కోచ్ సరే అన్నాడు. టీచరమ్మ పక్కన కూర్చుంటానంటేనే నేను సరే అన్నాను. సోమవారం ఆవిడ తలదగ్గర దీపం పెడుతున్నప్పుడే మనసులో అనుకున్నాను, ఇంక నా పిల్లని పంపను. ఆ గ్యాలరీలో ఒక్కదాన్నే కూర్చోలేను. దానికి ఏమన్నా అయితే కొంగు పట్టుకుని ఆపేదెవరు, చూడమని చెప్పేదెవరు?

ఎర్రబోరు నుంచి వాళ్ళ తమ్ముడూ, బంధువులూ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కోడలు ఆ స్టీలు డబ్బా తెచ్చి, "మీకిమ్మని ఎప్పుడో అన్నారు వదినా" అని నా చేతిలో పెట్టింది. ఏడుపు ఆపుకోవడానికి ఒక గింజ నోట్లో వేసుకున్నాను. పాడె లేపారు. కొడుకూ, అతనితో పనిచేసేవాళ్ళూ భుజం పట్టారు. వాకిలి గేటు దగ్గరికి వచ్చేసరికి కొండమీద సైరన్ మోగింది.

మోసేవాళ్ళు ఆగిపోయారు. వెనకవాళ్ళూ ఆగిపోయారు. ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా ఏడుపు ఆపేశారు. ఎర్రబోరు తమ్ముడు బిత్తరపోయి, "ఏంది, ఎందుకాగిన్రు?" అని అడిగాడు. ఎవరో కొండవైపు చూపించి ఊరుకోమన్నారు. ఆయనా ఆగిపోయాడు. నా చెయ్యి వెళ్ళి బుజ్జి మణికట్టుని పట్టుకుంది.

పేలుడు అయింది. గేటు గడియ గణగణలాడింది. పాడెమీది బంతిపూలు రెండు రాలి పడ్డాయి. రెండో సైరన్ రాలేదు. మా ఆయన షిఫ్టు అయిపోయి కిందే ఉన్నారు, పాడె వెనక చివర ఆయనే మోస్తున్నారు. కళ్ళముందు మనిషి ఉన్నా భయం కొండమీదే ఉంటుంది మాకు. పైన ఎవరి మొగుడో, ఎవరి కొడుకో. ఎంతకీ మోగదు. భుజాలు మార్చుకోవడానికి కూడా మోసేవాళ్ళు కదలడం లేదు. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

మోగింది.

అందరమూ ఊపిరి వదిలాం. కానీ ముందున్న కొడుకు కాలు కదలలేదు. గేటు దాటితే అమ్మ మళ్ళీ రాదు కదా, అందుకేనేమో. ఎవరూ అతన్ని తొందరపెట్టలేకపోయారు. అప్పుడు నా పక్కనుంచి బుజ్జి గొంతు వినిపించింది. గట్టిగా ఏమీ కాదు, పక్కవాళ్ళకి వినిపించేంత.

"రెండో సైరన్ అయింది టీచరమ్మా. పోండి."

కొడుకు ఒక్కసారి వెక్కి, అడుగు వేశాడు. పాడె గేటు దాటింది. బుజ్జి వెనకాల వెళ్ళబోయింది. నా పట్టులో ఉన్న చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగి నా మొహం చూడలేదు, నా వేళ్ళకేసి చూసింది. నేనూ చూశాను. వేళ్ళు విప్పాను. ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

ఆడవాళ్ళం గేటు దగ్గరే ఉండిపోయాం. పిల్లలు లైను చివరిదాకా వెళ్ళొచ్చని ఎవరో అన్నారు. బుజ్జి పాడె వెనక నడుస్తోంది. కొంత దూరం పోయాక ఆగి, వెనక్కి తిరిగి అక్కడినుంచే అడిగింది.

"అమ్మా, ఆదివారం వెళ్తున్నాం కదా?"

నోట్లో గింజ ఇంకా నానలేదు. భయం అలాగే ఉంది, ఇది రాస్తున్న ఇప్పుడూ ఉంది. నోరు తెరిస్తే వద్దనే వస్తుందని తెలిసి, అవునని తల ఊపాను. బుజ్జి ముందుకి తిరిగింది. చేతులు ఊపుకుంటూ నడుస్తున్న పిల్ల మణికట్టుమీద నా వేళ్ళ గుర్తులు, లైను మలుపు తిరిగేదాకా, ఎర్రగా కనిపిస్తూనే ఉన్నాయి.